నట్టు మీద ఎర్రగీత

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక పాత జీపు ఉండేది. అది ఇంటావిడ మొదటి భర్తది. రెండో భర్తకి వీధి చివర రేడియేటర్లు బాగుచేసే కొట్టు ఉంది. ఊళ్లో బళ్ల వేడంతా తగ్గించే మనిషికి తన కడుపులో మంట మాత్రం తగ్గేది కాదు. ఆ మంటకి కారణం ఆ జీపే.

పెళ్లయి రెండేళ్లయింది. ఆవిడ బడిపిల్లల వ్యాను నడుపుతుంది. పొద్దున వెళ్లేముందు, సాయంత్రం వచ్చాక షెడ్డులోకి వెళ్లి జీపు బానెట్ మీద కాసేపు చెయ్యి వేసి వస్తుంది. ఇతని భుజం మీద అలా చెయ్యి వేసిన పాపాన పోలేదు. మొదటాయన్ని ‘ఏవండీ’ అని పిలిచేదట. ఇతన్ని పిలవాలంటే ‘ఇదిగో’. మాటల మధ్య ఆవిడ ‘మా ఆయన’ అన్నప్పుడల్లా పక్కింటి దర్జీ కావాలనే ‘ఏ ఆయనమ్మా?’ అని అడిగి, ఇతని మొహం చూసి లోపల్లోపల నవ్వుకునేవాడు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. ఈ ఇంట్లో అవి జీపు హెడ్‌లైట్లంత ఉన్నాయి.

ఆ జీపుకి ఒక రోగం ఉంది. చదును రోడ్డు మీద బంగారంలా పోతుంది. కొండెక్కితే మాత్రం ఇంజన్ ఆయిల్ కాగి నీళ్లలా పల్చబడి, ప్రెషర్ ముల్లు కిందికి పడిపోతుంది. అలాంటి ఒక మధ్యాహ్నం మొదటాయన కొండ మలుపులో బండి ఆపి, బానెట్ ఎత్తి, వేడి తగ్గేదాకా సీట్లో కూర్చున్నాడు. బండి చల్లబడింది. ఆయనా చల్లబడిపోయాడు. గుండె ఆగిందన్నారు డాక్టర్లు.

దానికి ఆయిల్ కూలర్ పెడితే కొండెక్కుతుందా అని ఒకరోజు ఆవిడ అడిగింది. ఎందుకెక్కదు, ఎక్కుతుందన్నాడు. ఆయన ఆగిపోయిన మలుపు దాటి పైదాకా వెళ్లాలని ఉందట. ఆ దారి అలవాటైతే ప్రతి ఆదివారం వెళ్తుందట. ఆవిడ నోరు తెరిచి ఇతన్ని ఏదైనా అడగడం అదే మొదలు. అడిగింది కూడా చచ్చినవాడి కోసమే. కాదనలేకపోయాడు. ఒప్పుకున్నందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

ఆయిల్ కూలర్ బిగించడం పెద్ద విద్యేం కాదు. రేడియేటర్ ముందు మరో చిన్న రేడియేటర్‌లాంటిది నిలబెట్టి, ఆయిల్ ఫిల్టర్ దగ్గర్నుంచి రెండు గొట్టాలు లాగాలి. కాగిన ఆయిల్ అందులోకి వెళ్లి, గాలికి చల్లబడి, మళ్లీ ఇంజన్లోకి వస్తుంది. సామాను తెచ్చుకుని బానెట్ ఎత్తాడు.

లోపల ప్రతి నట్టు మీదా సన్నటి ఎర్రగీత ఉంది. నట్టు మీద మొదలై, పక్కనున్న ఇనుము మీదికి తిన్నగా దిగిన గీత. బిగించిన నట్టుకి అలా గుర్తు పెట్టుకోవడం మెకానిక్‌లకి అలవాటే. నట్టు రవ్వంత తిరిగినా గీత విరిగిపోతుంది, వదులైందని చూడగానే తెలిసిపోతుంది. అందరూ దీనికి పెయింటు వాడతారు. ఆ మహానుభావుడు పెళ్లాం గోళ్లరంగు వాడాడు. సీసా చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవాడట. లోపలున్న చిన్న గోళీ టకటకమంటేనే రంగు కలిసినట్టు లెక్కట. ఇదంతా చెప్తూ ఆవిడ నవ్వింది. ఆ నవ్వు రెండేళ్లలో ఇతను ఎన్నడూ చూసి ఎరగడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడ చూస్తుండగానే గుడ్డకి థిన్నర్ పట్టించి గీతలన్నీ తుడిచేశాడు. జిడ్డు వదలాలి కదా అన్నాడు. ఆవిడ లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

పని మాత్రం ముచ్చటగా కుదిరింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఆఖరి నట్టు దగ్గర అతని చెయ్యి ఆగింది. కూలర్‌కి అడుగున గొట్టాన్ని పట్టి ఉంచే నట్టు అది. దాన్ని వేళ్లతో తిప్పి, స్పానర్ పెట్టకుండా వదిలేశాడు. కొండ మీద అదురుకి అది ఊడుతుంది. ఆయిలంతా కారిపోయి ఇంజన్ పట్టేస్తుంది. ఇక ఆ బండి ఇనప సామాన్ల వాడికి తప్ప ఎవరికీ పనికిరాదు. ఆవిడకేం కాదు, పక్కన తను ఉంటాడుగా. పాము చావాలి, కర్ర విరగకూడదు. ఇంజన్ పొద్దున్నే స్టార్ట్ చేద్దామని చెప్పి చేతులు కడుక్కున్నాడు.

సాయంత్రం మబ్బు పట్టి, వేళ కాకుండానే చీకటి పడింది. వాన మొదలైంది. నట్టు మరీ వదులుగా ఉండి ఇంటి ముందే కారితే గుట్టు రట్టవుతుందని అనుమానం వచ్చింది. గొడుగేసుకుని షెడ్డులోకి వెళ్లి దీపం వేశాడు. తడిసిన మట్టి వాసన, ఆయిల్ వాసన. వాటి మధ్య మరో వాసన... తియ్యగా, ఘాటుగా, ముక్కుపుటాలకి అంటుకునే వాసన.

వంగి నట్టు పట్టుకున్నాడు. కదల్లేదు. గట్టిగా బిగించి ఉంది. దాని మీద ఎర్రగీత.

వేలితో ముట్టుకుంటే తడి అంటింది.

ఆవిడే, ఇంకెవరు! కోపంతో వంటింట్లోకి వెళ్లి, నీ గోళ్లరంగు ఎక్కడుందని నిలదీశాడు. ఆవిడ స్టవ్ మీంచి చూపు తిప్పలేదు.

“ఇంకెక్కడుంది? ఆయన్ని కాటికి పంపించేరోజు చొక్కా జేబులో పెట్టేశాను. ఆ తర్వాత కొనలేదు.”

ఆ మాటకి భయపడాల్సింది. భయం కంటే ముందు అసూయ తోసుకొచ్చింది. చచ్చినవాడి జేబులోకి కూడా కానుకలా? విసురుగా తిరిగొచ్చి, స్పానర్ పెట్టి నట్టు వదులు చేశాడు. గీత తుడిచాడు. స్పానర్ బల్ల మీద పెట్టి ఇటు తిరిగాడు.

టిక్... టిక్...

వేడెక్కిన ఇంజన్ చల్లారేటప్పుడు ఇనుము చేసే చప్పుడు అది. రోజూ వినేదే. కానీ ఈ ఇంజన్ ఇంకా స్టార్టే చెయ్యలేదు.

బానెట్ మీద చెయ్యి పెట్టాడు. కాలుతోంది.

దీపం ఆరిపోయింది.

“ఎవరు?” అన్నాడు. రేకుల మీద వాన హోరు. ఆ హోరు కింద, బల్ల మీంచి స్పానర్ లేచిన చప్పుడు. తర్వాత నట్టు బిగుస్తున్న కిర్రు... కాస్త ఆగి, మళ్లీ కిర్రు. తొందరేం లేదు. పని తెలిసిన చెయ్యి.

గుమ్మం ఎటుందో అని చీకట్లో చేత్తో తడిమాడు.

స్పానర్ చప్పుడు ఆగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత చాలా దగ్గర్లో, అతని చెవి పక్కనే... టకటక. టకటక. సీసాలో గోళీ.

తియ్యటి ఘాటు ముక్కు నిండా కమ్ముకుంది. దవడ కింద చల్లగా ఏదో తగిలి, మెల్లగా కిందికి జారింది. రేకుల్లోంచి కారిన వానచుక్క అనుకున్నాడు. అలాగే అనుకోవాలని మనసుకి చెప్పుకున్నాడు.

దీపం వెలిగింది. షెడ్డులో ఎవరూ లేరు. ఇంజన్లో అతను తుడిచేసిన గీతలన్నీ తిరిగొచ్చి ఎర్రగా మెరుస్తున్నాయి. జీపు సీట్లోకి జారబడ్డాడు. తల ఎత్తితే ఎదురుగా అద్దం.

దవడ మీద మొదలై, మెడ మీదికి తిన్నగా దిగిన ఎర్రగీత. ఇంకా ఆరలేదు.

కదల్లేదు. మింగబోయిన ఉమ్మి కూడా ఆపుకున్నాడు. నట్టు రవ్వంత తిరిగితే గీత విరుగుతుంది. మరి ఇది విరిగితే?

వెనక అడుగుల చప్పుడు. ఆవిడ. బానెట్ దగ్గర ఆగింది. గీతలు చూసినట్టుంది, ఊపిరి గట్టిగా పీల్చుకుంది.

“మళ్లీ గీశారా...” అంది. ఆ గొంతులో నవ్వు ఉంది. గీతల గురించి చెప్పినప్పటి నవ్వే. సీటు పక్కకి వచ్చి, అతని భుజం మీద చెయ్యి వేసింది. రెండేళ్లుగా అతను కాచుకున్న చెయ్యి.

వద్దని చెప్పాలి. చెప్పాలంటే దవడ కదలాలి.

“ఏవండీ,” అంది మెల్లగా. “ఒక్కసారి ఇటు తిరగండి.”

అతను తిరగలేదు. ఆవిడ నవ్వి, గడ్డం కింద వేళ్లు చేర్చి, అతని మొహాన్ని తనవైపు తిప్పుకోసాగింది.