ఇసుక బకెట్ల ప్రింట్

ఉదయం ఎనిమిదిన్నరకి, జనంతో కిటకిటలాడుతున్న బస్ స్టాప్‌లో ఒక కొరియర్‌ని చంపేశారు. సైలెన్సర్ పిస్టల్. పక్కనున్నవాళ్లు అతను కునుకు తీస్తున్నాడనుకున్నారు. శత్రుదేశపు ముఠాకి సందేశాలు మోసే ఆ మనిషి, ఆ పూట వాళ్లని వదిలి ఇటువైపు వచ్చేయడానికి బయల్దేరాడు. కోటు లోపల దొరికింది ఒకే ఒక్క ఫోటో ప్రింట్.

పది గంటలకి చీఫ్ దాన్ని బల్ల మీద పెట్టాడు. "గుర్తుపట్టావా?"

ఏజెంట్ లెన్స్ గుర్తుపట్టకేం? తను తీసిందే. రైల్వే స్టేషన్, మూడో నంబరు ప్లాట్‌ఫామ్, మంటలార్పే ఇసుక బకెట్ల వరస.

ఆరేళ్లుగా అతని వేషం ఆర్ట్ ఫోటోగ్రాఫర్. కెమెరా పట్టుకుని ఎక్కడైనా తిరగొచ్చని డిపార్ట్‌మెంటే ఇచ్చింది. మొదట్లో మొక్కుబడిగా తీశాడు. తర్వాత తుప్పుపట్టిన కొళాయిలూ, మ్యాన్‌హోల్ మూతలూ, పార్కు బెంచీల బోల్టులూ అతన్ని పట్టుకుని వదల్లేదు. వేషం ఎప్పుడు ఒంటికి అంటుకుపోయిందో అతనికే తెలీదు. గ్యాలరీ మేడమ్ నలభై ప్రింట్లు అమ్మిపెట్టింది. విదేశీ కొనుగోలుదార్ల మీద కన్నేసి ఉంచమని డిపార్ట్‌మెంట్ పెట్టిన మనిషే ఆవిడ. "ఎవరూ చూడనివి మీరు చూస్తారు," అని ఆవిడ అన్న రోజు, అతను అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాడు.

చీఫ్ ప్రింట్ తిరగేసి అల్ట్రావయొలెట్ టార్చ్ వేశాడు. అక్షరాలు మెరిశాయి: బుధవారం, 11.

"ఇవాళే. పదకొండుకి శాంతి చర్చల బృందం ఆ ప్లాట్‌ఫామ్ మీదే దిగుతుంది. సరుకు ఎక్కడ దాచారో నీ బొమ్మ చెప్తుంది. ఎవడూ కన్నెత్తి చూడని వస్తువులు కదా."

"అమ్మేది మేడమ్ కదా సార్."

"డబుల్ ఏజెంట్. బాంబ్ స్క్వాడ్ పైపైన వెతికి ఏమీ లేదంది. బకెట్లు తిరగేసినా, ట్రైన్ ఆపినా ముఠా జారుకుంటుంది. నువ్వెళ్లి చూడు."

పది యాభై ఎనిమిది. ప్లాట్‌ఫామ్ చివర ఆరు ఎర్ర బకెట్లు, అన్నీ ఒకేలా. లెన్స్‌కి మాత్రం ఒక్కోటీ విడిగా తెలుసు. సరైన వెలుగు కోసం ఒక పొద్దంతా వాటి ముందు కూర్చున్నవాడు. నాలుగోదాని అంచుకి బొటనవేలంత సొట్ట ఉండాలి.

లేదు.

పుస్తకాల స్టాల్ పక్కన మేడమ్ నిలబడి ఉంది. నల్ల కళ్లద్దాలు, చేతిలో లిప్‌స్టిక్. ట్రైన్ ప్లాట్‌ఫామ్ పక్కకి వస్తుంటే లిప్‌స్టిక్ మూత తీసింది.

అతను కెమెరా ఎత్తి షట్టర్ నొక్కాడు. ఫ్లాష్‌లో ఉన్న జామర్ రిమోట్ సిగ్నల్‌ని పది సెకన్లు ఆపుతుంది, అంతే. పరిగెత్తాడు. నాలుగో బకెట్ ఇసుకలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చాడు. తొమ్మిదో సెకనుకి వైరు ఊడొచ్చింది.

శాంతి బృందం నవ్వుకుంటూ దిగి, బకెట్ల వైపు చూడకుండానే నడిచిపోయింది.

మఫ్టీలో ఉన్నవాళ్లు మేడమ్‌ని జీపెక్కించారు. లెన్స్ ఎదురుగా కూర్చున్నాడు. అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"బొమ్మ నచ్చి కొన్నవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?"

"ముప్పై తొమ్మిది మావాళ్లే కొన్నారు."

"మిగిలింది?"

"మీ చీఫ్. నేను ఎవరికి అమ్ముతున్నానో చూడ్డానికి." ఆవిడ కళ్లద్దాలు తీసింది. "నాకు మాత్రం నిజంగానే నచ్చేవి. మీరు నమ్మరు."

అతను నమ్మలేదు. నమ్మాలని మాత్రం ఉండింది.

సాయంత్రం ఆఫీసులో, "మేడమ్ సంగతి మీకు ముందే తెలుసా సార్?" అన్నాడు.

"అనుమానం ఉండేది. రుజువు కావాలి కదా."

"కొరియర్ చచ్చాక దొరికింది."

చీఫ్ ఫైలు మూశాడు. "ప్రింట్లూ నెగెటివ్‌లూ అన్నీ తగలబెట్టేస్తున్నాం. ఆ వేషం ఇక పనికిరాదు. మీ అక్కకి గ్యాలరీ మూతపడిందని చెప్పు."

లెన్స్ గోళ్లలో ఇరుక్కున్న ఇసుక తీసుకుంటూ కూర్చున్నాడు.

"ఈసారి కవిగా వెళ్లాలి," అన్నాడు చీఫ్. "పుస్తకం కూడా వేయిస్తాం."

"ఎవరు కొంటారు సార్?"

"అదేం బెంగ? మేమున్నాంగా."