ఒకే తానులోని కాళ్ళు

పొద్దున తొమ్మిది అయ్యేసరికి అమీర్ బీ ఇంట్లో ముగ్గురికీ బొరుగుల ఉగ్గాని కలిపి, ఇంటి వెనక రేకుల షెడ్డులో కుట్టుమిషన్ల మీది దుమ్ము తుడిపించి, ఒక లోటా టీ తాగేసి ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా అంతే. ఆ తర్వాత నంబర్ల బల్ల ముందు కూర్చుని, కత్తిరించిన జీన్సు ముక్కల వెనక చాక్‌పీసుతో గుర్తులు వేయడం ఆమె పని. కానీ ఈ నెల రోజులుగా ఆ బల్ల దగ్గర ఆమెకు పని లేదు. అక్కడ చిన్న మిషను ఒకటి వచ్చి కూర్చుంది. అదే చీటీలు అచ్చేసి ఇస్తుంది. వాటిని ముక్కలకు అంటించడమే.

"నీకు చాక్‌పీసు దుమ్ముతో దగ్గు వస్తాందమ్మా, ఇంక ఊరికే కూర్చో" అని నాజ్‌నీన్ అన్నప్పుడు అమీర్ బీ నవ్వింది. ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో కూతురికి చెప్పలేదు.

నాజ్‌నీన్ మూడేళ్ళు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, మానేసి రాయదుర్గం వచ్చేసింది. ఊరిలో ఇన్ని జీన్సు యూనిట్లు ఉన్నాయి, ఏ కట్ట ఏ ఊరి ఆడవాళ్ళ దగ్గర కుట్టుకు పోయిందో ఒక్కరికీ సరిగా తెలియదు, అది ఫోనులో కనబడేట్టు చేస్తానని ఆమె పంతం. ఒక్కతే చేసే పని కాదు. బెంగళూరు కంపెనీలో ఉన్నప్పుడు నేపాల్‌లోని బుట్వాల్ నుంచి పనిచేసిన ప్రమీషా అనే అమ్మాయితో స్నేహం. ఆమెనూ, ఆమె తమ్ముడు సుజన్‌నూ పనిలో పెట్టుకుంది. రోజూ పొద్దున వాళ్ళతో మాట్లాడుతుంది. అక్కడి గడియారం మనకంటే పావుగంట ముందు.

"పావుగంట ముందుండే దేశమంట" అన్నాడు ఆ సోమవారం పొద్దున ఆమె తండ్రి మాబు సాబ్, ఉగ్గానిలో మిరపకాయ బజ్జీ నలుపుకుంటూ. "ఒక్కసారన్నా మొగం నేరుగా చూడలేదు. చేతి పని చూడలేదు. వాండ్ల చేతికి మన షెడ్డు తాళం ఇచ్చినట్లు ఇచ్చినావు కదే."

"తాళం కాదు నాయనా, పని ఇచ్చినా."

"పని కంటే పెద్ద తాళం ఏముండాది?"

నాజ్‌నీన్ ల్యాప్‌టాప్ తెరిచింది. శుక్రవారం జుమ్మా నమాజు అయినాక పక్క యూనిట్ యజమాని పుల్లన్న, మరో నలుగురు యూనిట్ల వాళ్ళు షెడ్డుకు వచ్చి ఆమె చేసిన పని చూడబోతున్నారు. వాళ్ళకు నచ్చితే నాజ్‌నీన్ రాయదుర్గంలోనే నిలబడుతుంది. లేకపోతే బెంగళూరు కంపెనీ మళ్ళీ పిలుస్తోంది, పోతానని తండ్రికి మాట ఇచ్చింది. ఈలోగా ముందుగా సొంత యూనిట్లోనే ఒక ఆర్డరు మొత్తం ఆ చీటీలతోనే కుట్టించింది. ఆ ప్యాంట్లు ఉతుకు పట్టడానికి బళ్ళారి పోయి, ఈ పొద్దు తిరిగి రావాలి.

తొమ్మిదిన్నరకు వచ్చాయి. ఆటోలోంచి నాలుగు మూటలు దించారు.

మాబు సాబ్ మొదటి మూట విప్పి, పైనున్న ప్యాంటు తీసి దులిపి, ఎండలోకి పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు అలాగే నిలబడిపోయాడు. అమీర్ బీ గడపలోంచే చూసింది. కుడికాలు ముదురు నీలం. ఎడమకాలు వెలిసిన ఆకాశం.

ఇంకోటి తీశాడు. ఇంకోటి. నాలుగోదాన్ని నేలకు కొట్టాడు.

"నాజ్‌నీన్!"

ఆమె ల్యాప్‌టాప్ చేతిలో పట్టుకునే పరిగెత్తుకు వచ్చింది. తెర మీద ప్రమీషా ఇంకా ఉంది, చెవుల మీద నల్ల డిప్పలతో.

"చూడు. ఒక కాలు అమావాస్య, ఒక కాలు పున్నమి! మూటలో సగం ఇట్లే ఉండాయి. ఇరవై రెండేండ్లలో మాబు సాబ్ ప్యాంటుకు రెండు రంగులని ఒక్కడన్నా అన్న పాపాన పోయినాడా?" అతను తెరవైపు వంగాడు. "ఏమప్పా, మీకు కండ్లు కనపడవా? నా పరువు మీ ఊర్లో అంగట్లో పెట్టి అమ్మినారు కదప్పా!"

తెలుగు రాని ప్రమీషా కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. నాజ్‌నీన్ ముఖం ఎర్రబడింది. ఇంగ్లీషులో గబగబా ఏదో అంది. మాటలు అమీర్ బీకి అర్థం కాలేదు గానీ ఆ గొంతు తెలుసు. అది తండ్రి గొంతే. అవతల పిల్ల ఏదో చెప్పబోతుంటే నాజ్‌నీన్ ల్యాప్‌టాప్ మూసేసింది.

"పుల్లన్నకు ఫోన్ చేసి రావద్దని చెప్తా" అన్నాడు మాబు సాబ్, ఈసారి అరవకుండా. "నువ్వు బెంగళూరుకు పో. తప్పు నీది కాదు. కనపడని మనుషులకు పని ఇస్తే ఇంతే."

"సరే నాయనా. పోతా." ఆమె మెట్ల మీద కూర్చుని ఫోను తీసింది. "వాండ్లకు ఈ పొద్దే పని ఆపేయమని చెప్తా."

అమీర్ బీ నేలమీది ప్యాంటు తీసి తిరగేసి చూసింది. జీన్సు గుడ్డ తానులు తానులుగా వస్తుంది. ఒకే నీలమనిపించినా, ఉతుకు పడ్డాక ఒక తాను రంగు ఒకటి, ఇంకో తాను రంగు ఇంకొకటి. అందుకే ఆమె ప్రతి ముక్క వెనకా సైజు కంటే ముందు తాను గుర్తు వేసేది. కొత్త చీటీలో ఆ గుర్తు లేదని నెల కిందటే గమనించింది. చదువుకున్న పిల్ల చేసిన పని కదా, ఫోనుకు తెలిసే ఉంటుందిలే అనుకుని నోరు మూసుకుంది.

"ఆగమ్మే" అంది. "ఆ పిల్లకు నువ్వు పంపిన కాగితం ఉండాదే, పని ఎట్ల చేయాలని. అది చదువు."

"ఇప్పుడెందుకమ్మా?"

"చదువమంటినే!"

నాజ్‌నీన్ ఫోనులో వెతికి, తెలుగు చేసి చెప్పింది. సైజు. ముక్క నంబరు. కుడికాలా ఎడమకాలా. ఎవరికి ఇచ్చినాం. ఎప్పుడు తెచ్చినారు.

"తాను?"

"తాను అంటే?"

 జీన్సు యూనిట్లో పెరిగిన పిల్ల తాను అంటే ఏమిటని అడుగుతోంది. మాబు సాబ్ చేతిలోని ప్యాంటు జారింది.

"దాన్ని ఒక్కనాడన్నా ఆ బల్ల కాడ కూర్చోనిస్తివా?" అంది అమీర్ బీ, మొగుడి వైపు తిరిగి. "చదువుకునే పిల్లకు ఈ దుమ్మెందుకని మూడో తరగతి నుంచి తరిమితివి. దానికి తెలీదు. తెలిసిన దాన్ని నేను, నోరు విప్పలేదు. మనింట్లో ముగ్గురం చెప్పని మాట బుట్వాల్‌లో ఉండే పిల్లకు ఎట్ల తెలుస్తాది? కలలోకి పోయి చెప్తిమా?"

 అప్పుడే కుందుర్పి బస్సు దిగి, కుట్టిన జేబుల కట్టలు నెత్తిన పెట్టుకుని ఓబమ్మ లోపలికి వచ్చింది. పల్లెలో పన్నెండు మంది ఆడవాళ్ళతో ఈ యూనిట్‌కు జేబులు కుట్టించేది ఆమే. కట్టలు దించి, నేలమీది ప్యాంట్లు చూసి, ముగ్గురి మొహాలూ చూసి, సంగతేమిటో అమీర్ బీ నోట విని, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"సాబన్నా, నేను మొదటిసారి జోబులు ఎట్ల కుట్టుకొచ్చినానో గ్యాపకం ఉండాదా?"

"ఇప్పుడు అదెందుకు ఓబమ్మా."

"తలకిందులుగా! చెయ్యి పెడితే దుడ్లు నేల మీద పడేట్లు. నా మొగాన కట్ట ఇసిరేసినావు. ఇంక పల్లెల వాండ్లకు పని ఇయ్యనని ఒట్టు పెట్టినావు. అమీరక్క ఏం చేసింది? నా ఎనకే బస్సెక్కి వచ్చి మా ఊరి రచ్చకట్ట మీద కూర్చుని పొద్దుగూకే దాకా చూపించింది. చేయి పట్టుకుని చూపించినాక మళ్ళీ తప్పు చేసినానా?"

"బుట్వాల్‌కు బస్సు యాడుండాది?" అన్నాడు మాబు సాబ్, నేల చూస్తూ.

"ఈ డబ్బా ఉండాది కదా" అంది అమీర్ బీ. కూతురి ఒళ్ళోని ల్యాప్‌టాప్ లాక్కుని నంబర్ల బల్ల మీద పెట్టింది. "పెట్టమ్మే ఫోను."

తెర వెలిగింది. ప్రమీషా కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అమీర్ బీకి ఇంగ్లీషు రాదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే కాబట్టి హిందీ కూడా బళ్ళారి సేట్ల దగ్గర సగం, టీవీ సీరియళ్ళలో సగం నేర్చుకున్నది. దాంతోనే మొదలుపెట్టింది.

"బేటీ, రోనా నక్కో, ఏడవద్దు. ఇధర్ దేఖో."

పాడైన ప్యాంటును కత్తెరతో నడిమికి విప్పి, రెండు కాళ్ళూ తెర ముందు పరిచింది. తర్వాత ఇంకా కత్తిరించని రెండు తానులు తెప్పించి పక్కపక్కన పెట్టింది. "ఏ ఏక్ అమ్మా. ఏ దూస్రీ అమ్మా. ఇస్కా బచ్చా ఉస్కే సాథ్ కుట్టకూడదు. ఒకే తల్లి బిడ్డలను కలపాల. సమఝా?"

వెనక నాజ్‌నీన్ అంత బాధలోనూ పుక్కున నవ్వింది. తెర మీద పిల్ల నవ్వలేదు. లేచి పోయి, ఊలు ఉండలు రెండు పట్టుకుని వచ్చింది. వాళ్ళమ్మ స్వెటర్లు అల్లి అమ్ముతుందట. ఊలు అంతా ఒకే లాటులో కొనకపోతే చేతులొక రంగు, ఒళ్ళొక రంగు వస్తుందట. ఈ మాటే మొదట చెప్పి ఉంటే క్షణంలో అర్థమయ్యేదని, అయినా తామూ అడగవలసిందని, అడిగితే పని రాదనుకుంటారని భయపడ్డామని హిందీలో చెప్పింది.

అమీర్ బీ కూతురి వైపు తిరిగింది. "విన్నావా? భయపడినారంట. నువ్వు ఎట్ల మాట్లాడతాండావో చూసుకో."

నాజ్‌నీన్ ముందుకు వచ్చి తల్లి భుజం పక్కనుంచి తెరలోకి చూసింది. క్షమించమని ఆమె చెప్పింది ఒక్క మాటే. అటువైపు నుంచి కూడా ఒక్క మాటే వచ్చింది.

ఆ నాలుగు రోజులూ అమీర్ బీ పొద్దున తొమ్మిదికి కాదు, పావు తక్కువ తొమ్మిదికే బల్ల దగ్గర కూర్చుంది. అక్కడ వాళ్ళకు అప్పుడే తొమ్మిది. తానును ఎలా పరుస్తారు, పొరలు ఎలా లెక్కపెడతారు, కత్తెర పడ్డాక ఏ ముక్క ఎటు పోతుంది అని ప్రమీషా వంద ప్రశ్నలు వేసింది. సుజన్ నూట ఒకటి వేశాడు. నాజ్‌నీన్ తల్లి పక్కనే నిలబడి అన్నీ రాసుకుంది. చీటీలో సైజు కంటే ముందు తాను గుర్తు చేరింది. పాడైన ప్యాంట్లను ఓబమ్మ పల్లెకు తీసుకుపోయి, ఆడవాళ్ళందరితో కాళ్ళు విప్పించి, ముదురుకు ముదురు, వెలిసినదానికి వెలిసినది జత చేసి మళ్ళీ కుట్టించుకొచ్చింది.

గురువారం ప్రమీషా ఒక కోరిక కోరింది. అమీర్ బీ సిగ్గుపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎట్టకేలకు సరేనంది. ఆ సంగతి మాబు సాబ్‌కు మాత్రం చెప్పవద్దని కూతురి దగ్గర మాట తీసుకుంది.

శుక్రవారం పుల్లన్న తెల్ల చొక్కాలో, మరో నలుగురిని వెంటేసుకుని వచ్చాడు.

"ఏం సాబూ, నేపాల్ నుంచి గూర్ఖాలను తెచ్చి షెడ్డు కాపలా పెట్టినావంట?"

మాబు సాబ్ నవ్వలేదు. "కూర్చో పుల్లన్నా. ముందు పని చూడు."

కానీ అతనికీ పూర్తిగా నమ్మకం లేదు. ఎవరూ చూడకుండా మూడో తానులోని ఎడమకాలు ఒకటి తీసి, ఐదో తాను కట్టలో దూర్చడం అమీర్ బీ ఓరకంట చూసింది. చూసి ఊరుకుంది. ఇరవై రెండేళ్ళుగా కొత్తగా వచ్చిన ప్రతి పనివాడికీ అతను పెట్టే పరీక్ష అది.

నాజ్‌నీన్ కట్ట విప్పి, ఫోనును ఒక్కొక్క చీటీ మీద చూపిస్తూ పోయింది. ప్రతిసారీ తెర పచ్చగా వెలుగుతోంది. పదకొండో ముక్క దగ్గర ఎర్రబడింది. ఫోనులోంచి ఒక ఆడగొంతు ఖంగుమంది.

"ఇది వేరే తల్లి బిడ్డప్పా! పక్కన పెట్టు!"

మాబు సాబ్ ఉలిక్కిపడి పెళ్ళాం వైపు చూశాడు. ఆమె నోరు మూసుకునే ఉంది. మళ్ళీ ఫోను వైపు చూశాడు.

"పక్కన పెట్టు!" అంది ఫోను, అచ్చం అమీర్ బీ కసిరినట్టు.

షెడ్డంతా గొల్లుమంది. చీటీ చదవడం రాని ఆడవాళ్ళ కోసం గురువారం అమీర్ బీ గొంతు రికార్డు చేసుకుని ప్రమీషా వేసిన ఉపాయమది. ఓబమ్మ కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వింది. "ఇంట్లో అక్క మాట తప్పించుకున్నావు సాబన్నా, ఇంక జోబులో పెట్టుకుని తిరుగు!"

పుల్లన్నకు పట్టుదల వచ్చింది. తానే రెండు ముక్కలు మార్చి పెట్టాడు. రెండుసార్లూ అమీర్ బీ గొంతు అతన్ని కసిరింది. మూడోసారి అందరూ వెనక్కి తిరిగి నిలబడగా మార్చాడు. మూడోసారీ దొరికాడు. తల గోక్కుని కూర్చున్నాడు.

"మా యూనిట్‌కూ ఇదే కావాల" అన్నాడు. మిగిలిన నలుగురూ ఒకేసారి మాట్లాడసాగారు. "ఎవరు చేసినారమ్మా ఇది?"

నాజ్‌నీన్ నోరు తెరవబోయింది. మాబు సాబ్ చెయ్యెత్తి ఆపాడు. మూల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఊపిరి బిగపట్టుకుని అటునుంచి చూస్తున్నారు. అతను దాన్ని రెండు చేతులతో ఎత్తి అందరివైపూ తిప్పాడు.

"నా కూతురు చేసినాది. దానికి పని చెప్పినాది వాళ్ళమ్మ. చేసిపెట్టినోళ్ళు వీళ్ళిద్దరు." పుల్లన్న వైపు తిరిగాడు. "గూర్ఖాలు కాదు పుల్లన్నా. మనోళ్ళు. ఇంకోసారి ఆ మాట అంటే నా షెడ్డులో టీ లేదు నీకు."

తర్వాత తెరవైపు వంగి, ఓబమ్మ మనుషులు ఎప్పుడు వచ్చినా వాళ్ళను మొదట అడిగే 'తిన్నారా' అన్న మాటే అడిగాడు. "ఖానా ఖాయే, బేటీ?"

ప్రమీషా తల ఊపింది.

వచ్చినవాళ్ళు పోయాక మాబు సాబ్ మూలనున్న ఇనుప స్టూలు ఒకటి ఈడ్చుకొచ్చి, నంబర్ల బల్ల దగ్గర అమీర్ బీ స్టూలు పక్కన వేశాడు. జేబులోంచి చాక్‌పీసు తీసి కూతురి చేతిలో పెట్టాడు.

"చీటీలు మిషను వేస్తాదిలే. నువ్వు ముందు చేత్తో రాయడం నేర్చుకో. చిన్నప్పుడే కూర్చోబెట్టాల్సింది. తప్పు నాది."

నాజ్‌నీన్ కూర్చుంది. కళ్ళు మసకబారి ముక్క సరిగా కనిపించలేదు. అంకె వంకరగా పడింది.

"సైజు తర్వాతమ్మే" అంది అమీర్ బీ, కూతురి చేతి మీద చెయ్యి వేసి. "ముందు తాను."

వెనకనుంచి మాబు సాబ్ ఫోను పట్టుకుని ఒక కట్టను మళ్ళీ మళ్ళీ చూపిస్తున్న చప్పుడు. అన్నీ సరిగా ఉన్న కట్టే అది. కట్ట మొత్తం సరిపోయినప్పుడల్లా ఫోను అమీర్ బీ గొంతుతో మెత్తగా పలుకుతోంది.

"ఒకే తల్లి బిడ్డలు. కుట్టుకోండి."

"చాల్లేవయ్యా" అంది అమీర్ బీ తిరిగి చూడకుండానే. "నేను ఈడనే ఉండా కదా!"