అత్తగారి కొలత

మెలకువ వచ్చినా కళ్ళు తెరవకుండా పడుకోవడం బసవమ్మకి అలవాటు. ఇంట్లో తన గురించి ఎవరేమనుకుంటున్నారో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి దారి లేదని ఆవిడ నమ్మకం. ఆ పొద్దున కూడా అలాగే కుక్కిమంచంలో పడుకుని ఉంది. బయట కొడుకు ప్రేమదాసు ముట్టించిన చుట్ట వాసన వస్తోంది. ఇంతలో భుజం మీద ఏదో పాకినట్టయింది.

ఓరకంట చూసింది. కోడలు కృపావతి చేతిలో పురికొస. ఈ భుజం నుంచి ఆ భుజం దాకా పరిచి ముడేసింది. చేతి పొడుగు చూసి మరో ముడి వేసింది. తర్వాత పురికొసని చుట్టచుట్టి గూట్లో దాచి, ఏమీ ఎరగనట్టు గిన్నెలు తోముకోవడానికి వెళ్ళిపోయింది.

బసవమ్మ చటుక్కున లేచి కూర్చుంది. ఆ వాడలో మనిషిని పురికొసతో కొలిచేది ఒక్కసారే, ప్రాణం పోయాక, పెట్టె చెయ్యడానికి. కొలిచేవాడు వడ్రంగి శాంతయ్య. రవికెలు తొడిగే పడుచులు కూడా పాత రవికె ఒకటి ఆదిగా దర్జీకి ఇస్తారే గానీ, ఒంటి మీద కొలతలు ఎవరూ తియ్యనివ్వరు.

నిజానికి ఆవిడ అనుమానం ఆ పొద్దున పుట్టింది కాదు. ప్రేమదాసు మోతుబరి వెంకటరత్నం గారి బావి దగ్గర పెళ్ళి కాకముందు నుంచీ మోట తోలాడు. నిరుడు ఆయన నూనె ఇంజను పెట్టించి, "ఇంక మోటకి మనిషి అక్కర్లేదురా దాసూ" అన్నాడు. నందిగామ దాకా తిరిగినా నిలకడైన పని దొరకలేదు. అలాంటప్పుడు పంచాయతీ సమితివాళ్ళు జగ్గయ్యపేటలో కుట్టు కేంద్రం తెరిచారు. వాడ ఆడవాళ్ళకి కుట్టు నేర్పుతామనీ, నేర్చుకున్నన్నాళ్ళూ నెలనెలా ఇంత అని ఇస్తామనీ, పాసైతే మిషను కూడా ఇస్తామనీ గ్రామసేవిక ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. కృపావతి ఆ మర్నాడే వెళ్ళి చేరింది.

"నేర్పినందుకు మనం ఇచ్చుకోవాలి గానీ, నేర్చుకున్నందుకు వాళ్ళిచ్చేదేంట్రా? ఎర ఉందంటే గాలం కూడా ఉంటది" అని బసవమ్మ ఆనాడే అంది. మొన్న గ్రామసేవిక వచ్చి తనని కిందా మీదా చూసి, కోడలి వైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వుకి అర్థం ఇప్పుడు తెలిసింది.

కోడలు పేటకి బయలుదేరగానే బసవమ్మ శాంతయ్య పందిట్లోకి వెళ్ళింది. అక్కడ కొత్త పలకలు గోడకి ఆనించి ఉన్నాయి.

"ఎవరికిరా ఇయ్యి?"

"సమితోళ్ళు తోలారు బసవక్కా. ఈ వారంలో కావాలంట."

"డబ్బులెవరిస్తారు?"

"వాళ్ళే. ముందే కొంత ఇచ్చారు కూడా."

"పెట్టెకి కూడా సమితి డబ్బులిస్తందా!" అంది బసవమ్మ.

"పెట్టేంటి? కేంద్రంలో కూర్చోడానికి బెంచీలక్కా."

"అట్టాగే చెప్పమన్నారా నీకు?"

శాంతయ్య తెల్లబోయి చూస్తుండగానే ఆవిడ గిరుక్కున తిరిగి ఇంటికి వచ్చింది. గూట్లోంచి పురికొస తీసి పొయ్యిలో పడేసింది. అది కాలి బూడిదయ్యేదాకా కదలకుండా చూసింది.

పొద్దు వాలే వేళకి కృపావతి వచ్చి గూడంతా వెతికింది.

"అత్తా, ఇక్కడ పురికొస చూశావా?"

"చూశా. కాల్చా. నేనింకా చావలేదని మీ సమితోళ్ళతో చెప్పు!"

"ఏందమ్మా ఆ మాటలు?" అంటూ ప్రేమదాసు లోపలికి వచ్చాడు.

"నీ పెళ్ళాన్నడుగు. ఊపిరాడతన్న మనిషిని పెట్టెకి కొలిచింది. నీకు పని లేదు, మూడో కంచం బరువైందని చెప్తే నేనే ఎటో పోయేదాన్ని కదరా!"

కృపావతి ముందు నవ్వబోయింది. బూడిద కళ్ళబడగానే ఆ నవ్వు ఏడుపులోకి దిగింది.

"పెట్టెకి కాదత్తా, రవికెకి! రేపే పరీక్ష. నందిగామ నించి పరీక్ష పెట్టే అమ్మగారొస్తారు. ఇంట్లో పెద్దామెని కొలిచి, పొద్దున రవికె కుట్టి, మధ్యాన్నానికి తొడిగించి చూపించాలి. ఆది పెట్టుకోకూడదంట. కేంద్రం టేపు ఇంటికి ఇవ్వరని పురికొసతో కొలిచా. ఇది తప్పితే మిషను లేదు. ఆయనకి పని లేదు. మనం ఏం తినాలి?"

"నన్నడక్కుండా దొంగతనంగానా?"

"అడిగితే ఒప్పుకుంటావా? నిరుడు క్రిస్మస్‌కి నా రవికె తొడుక్కోమంటే నా మొహానే కొట్టావు గదా! ముందు కుట్టేసి, తర్వాత నీ కాళ్ళు పట్టుకుందామనుకున్నా."

బసవమ్మ మంచం పట్టె మీద కూలబడింది.

"నా పెళ్ళికి మా అయ్య ఎర్ర రవికె కుట్టించాడే. అది తొడుక్కుని కామందు గారి దొడ్డి ఊడవడానికెళ్ళా. దొరసాని చూసింది. 'మాతో సమానంగా రవికె కావాల్సొచ్చిందా' అని అందరి ముందూ విప్పించింది. పాలేళ్ళు చూస్తానే ఉన్నారు. మళ్ళీ దాని జోలికి పోలేదు. నీ రవికె చూస్తే నాకు ఆ దొడ్డే కళ్ళ ముందుకొచ్చింది."

ప్రేమదాసుకి తల్లి ఇన్నేళ్ళలో ఈ సంగతి చెప్పలేదు. అతను గుమ్మం వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. కృపావతి అత్త ముందు కూర్చుని, "వద్దులే అత్తా, పరీక్ష పోతే పోయింది" అంది.

"పోతే పోయిందంటానికి అదేమన్నా నీ అబ్బ సొమ్మా?" బసవమ్మ లేచి, వెలుతురున్న చోట నిలబడి, చేతులు చాపింది. "ఒరే, నువ్వు బయటికి నడువు. కొలువే. పడుకున్న మనిషిని కొలిస్తే ఎట్టా సరిపోద్ది?"

మర్నాడు మధ్యాహ్నం కేంద్రంలో బసవమ్మ కొంగు మెడ చుట్టూ కప్పుకుని నిలబడింది. పరీక్షాధికారి శ్యామలాదేవి దగ్గరికి వచ్చింది.

"కొంగు కొంచెం తియ్యాలి పెద్దమ్మా."

బసవమ్మ చేతులు కొంగుని ఇంకా గట్టిగా బిగించాయి. గదిలో ఉన్నవాళ్ళంతా ఆవిడనే చూస్తున్నారు. కృపావతి పెదవి కొరుక్కుంటూ నేలచూపులు చూస్తోంది. ఆ పిల్లని చూసి బసవమ్మ కొంగు తానే తీసి నడుముకి దోపుకుంది.

"మా కోడలు కుట్టింది. చూడండి."

శ్యామలాదేవి వెనకా ముందూ పరీక్షగా చూసింది. "కుట్లు బాగున్నాయి. చంక దగ్గర కాస్త పట్టేసినట్టుందే?"

నిజంగానే పట్టేసింది. అయినా బసవమ్మ చెయ్యి ఆకాశానికెత్తింది. "ఎక్కడమ్మా పట్టింది? దీంతో వరి కోస్తా, మిరపకాయలు కోస్తా. కావాలంటే పొలానికి రండి, చూద్దురుగాని."

శ్యామలాదేవి నవ్వేసి, "పాసమ్మా కృపావతీ" అంది.

బసవమ్మ మాత్రం నవ్వలేదు. "మరి మిషను?"

"నెలాఖరుకి వస్తుంది పెద్దమ్మా."

"నెలాఖరుకంటే ఏ నెలాఖరు? అట్టా చెప్పినోళ్ళని చాలామందిని చూశాలెండి." ఆవిడ వెళ్ళి గుమ్మంలో బైఠాయించింది. "నువ్వింటికి పోవే. నా కోడలి మిషను నేను తీసుకునే వస్తా."

కృపావతికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వెళ్ళి అత్త పక్కన కూర్చుని భుజం మీద తల ఆనించింది. వీధిలో పోయేవాళ్ళు తిరిగి తిరిగి చూస్తున్నారు. బసవమ్మ కొంగు సర్దుకోలేదు.