పలకని ముద్రకం

ముందుగా ఒక మనవి. మా ఆయన పోయాకే నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు, చెయ్యి కూడా నిదానం. తప్పులుంటే మన్నించి, సరిచేసుకుని చదువుకోండి.

వెన్నెలపాలెంలో గడియారం తెల్లవారిందంటేనే తెల్లవారినట్టు. చంద్రుడి మీద సూర్యుడు పదిహేను రోజులకోసారి గానీ పొద్దు మార్చడు. అందుకని నేల కింద తవ్వుకున్న ఆ ఊళ్ళో గోడల్లోని దీపాలే పొద్దున పసుపుగా, సాయంత్రం ఎర్రగా వెలిగేవి. ఆ రోజు దీపాలు ఇంకా పసుపు తిరగకముందే, ముద్రణగది చూసుకునే నూకరత్నం పనిలోకి వచ్చి ముద్రకం తెర ముందు నిలబడింది. తెర మీద ఒకటే మాట ఉంది. ఆఫ్‌లైన్.

మన కాలంలో ప్రింటరంటే కాగితం మీద అక్షరాలు వేసేది. వెన్నెలపాలెం ముద్రకం వస్తువులనే అచ్చు వేస్తుంది. చంద్రుడి మట్టిని కొలిమిలో కాల్చి, మెత్తగా నూరి, ఆ పొడిని దాని తొట్టిలో పోస్తారు. ముద్రకం ఆ పొడిని పొర మీద పొరగా కరిగించి గరిటె కావాలంటే గరిటె, తలుపు గడియ కావాలంటే గడియ చేసి ఇస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా శ్వాసపలకలు చేస్తుంది. చంద్రుడి దుమ్ము మన దుమ్ములాంటిది కాదు, గాజుపొడిలా కోస్తుంది. గాలిగొట్టాల్లో బిగించిన శ్వాసపలకే ఆ దుమ్ము ఊపిరిలోకి పోకుండా ఆపుతుంది.

కాన్పుల గదిలో ఆ పలక పగిలింది. అక్కడ తాత్కాలికంగా పెట్టినది సాయంత్రం దాకా ఆగుతుంది. ఆలోగా కొత్తది రాకపోతే గది మూసేస్తారు. ఆ గదిలో నెలలు నిండి పడుకున్నది నూకరత్నం కూతురు కుసుమ. గది మూస్తే ఆ పిల్లను బండి ఎక్కించి, రాళ్ళదారిన పెద్దస్థావరానికి తీసుకుపోవాలి. ఆ కుదుపులు పడకూడదని డాక్టరు ముందే చెప్పింది.

పెద్దస్థావరం నుంచి ఇంజనీరు నాగసుధ వచ్చింది. పాతికేళ్ళు దాటిన పిల్ల. చేతిలో చిన్న పెట్టె.

"ఆపి, మళ్ళీ పెట్టి చూశారా పిన్నిగారూ?"

"చూశానమ్మా. వైరు పీకి గుచ్చాను. తుడిచాను. దండం కూడా పెట్టాను."

"ఆఖరిది మా పుస్తకంలో లేదు," అని నవ్వి నాగసుధ పనిలో పడింది. కరెంటు అందుతోంది. నెట్‌వర్కు బాగుంది. వరసలో ఇరుక్కున్న పాత పనులన్నీ తుడిచేసింది. దాన్ని నడిపే డ్రైవరు ప్రోగ్రాము తీసి కొత్తది ఎక్కించింది. ఏ పరీక్ష పెట్టినా ముద్రకం నెగ్గింది. తెర మీద మాత్రం ఆఫ్‌లైన్ అనే ఉంది.

"పోనీ, ఒక చెంచా పంపి చూద్దాం," అంది నాగసుధ.

తెర ఆకుపచ్చగా మారింది. ముద్రకం గుర్రుమంది. కాసేపటికి చెంచా వచ్చింది, అంచు కాస్త గరుకుగా ఉంది. నూకరత్నం ప్రాణం లేచి వచ్చింది. వెంటనే శ్వాసపలక పంపించారు.

ఆఫ్‌లైన్.

మళ్ళీ చెంచా పంపితే చెంచా వచ్చింది. పలక పంపితే ఆఫ్‌లైన్. నాగసుధ పెట్టె పక్కన పెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ముద్రకాన్ని కొత్త చుట్టాన్ని చూసినట్టు చూసింది.

"దీనికి జబ్బేమీ లేదు పిన్నిగారూ. దీనికి ఇష్టం లేదు."

"యంత్రానికి ఇష్టాయిష్టాలేటమ్మా?"

నాగసుధ చెప్పింది. తొలినాటి ముద్రకాలు ముఖం మీదే మాట్లాడేవి. నీ కొలత తప్పు, నీ బొమ్మ బాగాలేదు, ఇది కుదరదు అనేవి. జనానికి రోషం వచ్చి వాటిని తన్నేవారు. అందుకని తయారు చేసినవాళ్ళు లోపల ఒక కొత్త పొర పెట్టారు. ఇంజనీర్లు దాన్ని కర్టసీ లేయర్ అంటారు, జనం మర్యాదపొర అంటారు. ముద్రకం తాను ఉన్న చోటి మనుషులను గమనిస్తుంది. ఎదుటివాళ్ళ మనసు నొప్పించకుండా వాళ్ళు ఎలా కాదంటారో చూసి తానూ అలాగే కాదంటుంది.

"దీనితో మాట్లాడి చూస్తాను," అని నాగసుధ తెర దగ్గరికి వంగింది. "ముద్రకం, ఉన్నావా?"

"లేనండి," అంది ముద్రకం.

"లేనిదానివి ఎలా పలికావు?"

"మీరు పిలిచారు కదండీ. పలక్కపోతే బాగుండదు."

"మరి ఎక్కడికెళ్ళావు?"

"ఊళ్ళో లేనండి. రేపో ఎల్లుండో వచ్చేస్తాను."

నాగసుధ పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. "ఈ మాటలు నీకెవరు నేర్పారు?"

"ఆ సంగతి చెప్పకూడదండి. ఆవిడ ఇక్కడే ఉన్నారు."

గదిలో ఉన్నది ఇద్దరే. నాగసుధ వెనక్కి తిరగలేదు, తెరనే చూస్తూ ఉంది. నూకరత్నం మెల్లగా వెళ్ళి తొట్టిలో వేలు ముంచి, పొడిని బొటనవేలితో నలిపింది. ఇసకలా గరగరలాడింది.

"పొడి బాగోలేదమ్మా," అంది చివరికి. "రెండు నెలలై బాగోలేదు. దీంతో చెంచా చేస్తే చెంచానే. పలక చేస్తే దుమ్ము ఆగదు. అది దానికి తెలుసు, నాకూ తెలుసు."

"మరి కొలిమివాళ్ళకు చెప్పలేదా?"

"కొలిమి మా వియ్యంకుడిది. కుసుమ ఉండేది ఆ ఇంట్లోనే. నీ పొడి మంచిది కాదని ఆయనతో ఎలా అంటాను? అది పిల్ల మీదకొస్తాది. ఆయన పొడి ఎలాగుందని అడగటానికి రోజూ ఫోను చేస్తాడు. ఈ గదికొచ్చే ఫోన్లు ఎత్తేది ముద్రకమే కదా. నేను లేనని, ఊరెళ్ళానని దీని చేతే చెప్పించాను."

తన మాటలు తనకే వినిపించి నూకరత్నం ఆగిపోయింది.

అంతలో తలుపు తెరుచుకుంది. వియ్యంకుడు గవర్రాజు వచ్చాడు. బనీను నిండా కొలిమి మసి, మెడలో తువ్వాలు.

"పలక అయిందా చెల్లెమ్మా? డాక్టరమ్మ కంగారు పడతంది."

నూకరత్నం తొట్టి దగ్గరి నుంచి ఇటు తిరిగింది. రెండు నెలలుగా ఈ మనిషి ఎదురు పడకుండా తప్పుకు తిరిగింది. పక్కగదిలో గాలిగొట్టం బుసకొట్టడం వినిపిస్తోంది.

"అవలేదు అన్నయ్యగారూ. మీ పొడి పనికిరావటం లేదు."

అనేసింది. అని, గోడను పట్టుకుంది.

గవర్రాజు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. "నాకు తెలుసమ్మా. కొలిమి లోపల ఇటుకలు బీటలిచ్చాయి. సరిగ్గా కాలటం లేదు. ఆ మాట చెబుదామనే రోజూ ఫోను చేశాను. ఎప్పుడు చేసినా మీరు లేరన్నారు. యంత్రంతో చెప్పటానికి మనసొప్పలేదు. మీరు నోరెత్తలేదు కదా, సర్దుకుపోతున్నారేమో అనుకున్నాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేక తొట్టి వైపు చూశారు.

"మంచి పొడి అసలు లేదా బాబాయిగారూ?" అని నాగసుధ అడిగింది.

ఉంది. చిన్న కొలిమిలో విడిగా కాల్చి ఒక డబ్బాలో దాచాడు. నూకరత్నం అడిగితే ఇద్దామనుకున్నాడు. ఆవిడ అడగలేదు. గవర్రాజు పరుగున వెళ్ళి డబ్బా తెచ్చి తొట్టిలో పోశాడు. ఎవరూ ఏ మీటా నొక్కకుండానే తెర ఆకుపచ్చగా మారింది.

"వచ్చేశానండి," అంది ముద్రకం.

పలక వచ్చింది. నూకరత్నం దాన్ని దీపానికి ఎత్తి చూసింది. సన్నటి మంచుపొరలా ఉంది. కాన్పుల గది మనిషి వచ్చి పట్టుకుపోయాడు. దీపాలు ఇంకా ఎరుపు తిరగలేదు.

"ఈ మర్యాదపొర తీసేయనా?" అని నాగసుధ అడిగింది. "తీస్తే ఇక మీదట ఉన్నది ఉన్నట్టు చెబుతుంది."

"తీసేయమ్మా," అని వియ్యంకులిద్దరూ ఒకేసారి అన్నారు.

తీసేసింది. "ఏదైనా ఇచ్చి చూడండి," అంది.

నూకరత్నం సిగ్గుపడుతూ, పుట్టబోయే బిడ్డ కోసం తాను గీసుకున్న గిలక్కాయ బొమ్మ తెర మీద పెట్టింది. "ఎలాగుందో చూసి వెయ్యమ్మా."

"వెయ్యను," అంది ముద్రకం. "పిడి సన్నగా ఉంది, బిడ్డ కొరికితే విరుగుతుంది. బొమ్మ అందంగా కూడా లేదు."

"అందం సంగతి నిన్ను అడిగానా?"

"ఎలా ఉందో చూడమన్నారు."

గవర్రాజు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గినట్టు నవ్వాడు. నూకరత్నం చూసింది. "మీ సంగతీ అడగండి అన్నయ్యగారూ," అంది.

"నాకేటి భయం? మరి నా పొడి సంగతేటి?"

"రెండు నెలలుగా పనికిరాదు. మీకు తెలిసే పంపించారు."

ఆ మాట గవర్రాజు ఇందాక తన నోటితోనే ఒప్పుకున్నాడు. అయినా యంత్రం అనేసరికి ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మాయ్," అంది నూకరత్నం గొంతు తగ్గించి, "పలకల వరకు నిజం చెప్పమను. మిగతావాటికి పాత పద్ధతే ఉండనీ."

"అలా వీలుపడదు పిన్నిగారూ. ఉంటే పొర మొత్తం ఉంటుంది, లేకపోతే మొత్తం ఉండదు. ఏది ఉంచాలో మీరే చెప్పండి. చెప్పాక నేను బయలుదేరతాను."

అప్పుడే గోడలోని మాటపెట్టె మోగింది. కుసుమకు నొప్పులు మొదలయ్యాయి.

"చూసి, వచ్చి చెబుతానమ్మా. నువ్వు కూర్చో," అంటూ నూకరత్నం చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి పరుగెత్తింది. "నేనూ ఇప్పుడే వస్తాను," అంటూ గవర్రాజూ వెళ్ళిపోయాడు.

నాగసుధ కూర్చుంది. దీపాలు ఎర్రబడ్డాయి. మాటపెట్టె మళ్ళీ మోగింది. ఆడపిల్ల, తల్లీ బిడ్డా బాగున్నారు, గదిలో గాలి శుభ్రంగా ఉంది అంది అవతలి గొంతు. దాని వెనకాల పసిబిడ్డ ఏడుపు, నూకరత్నం నవ్వు, గవర్రాజు ఎవరికో మిఠాయి పురమాయించడం వినిపించాయి. ఆ తర్వాత ఎవరూ రాలేదు. బయట పెద్దస్థావరం బండి హారను కొడుతోంది.

నాగసుధ పెట్టె ఒళ్ళో పెట్టుకుని ముద్రకం వైపు చూసింది. ఒంటరిగా వదిలిపోతున్నందుకో ఏమో, దానికి ఏదో ఒకటి చెప్పాలనిపించింది.

"వాళ్ళు వచ్చేస్తారులే. వచ్చి చెబుతారు."

"రారు," అంది ముద్రకం.

— కోరాడ సన్యాసమ్మ, అరవై తొమ్మిదేళ్ళు. ప్రస్తుతం ఉంటున్నది భీమునిపట్నం.