తలుపు మూశాకే తెర

ట్యూబు పోయింది.

అరచేతిలో ఇమిడే గాజు ట్యూబు. మిణుగురు పురుగంత వెలుగు తగిలినా పసిగట్టి మీటరు మీద చూపిస్తుంది. ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ మొత్తానికి అదొక్కటే దిక్కు. సాయంత్రం వార్షికోత్సవానికి వచ్చే ముఖ్య అతిథికి దాంతోనే ప్రయోగం చూపించాలి. మధ్యాహ్నం చూస్తే డార్క్ రూమ్‌లో దాని పెట్టె ఖాళీ.

దొంగ దొరికాడు. సరుకే దొరకలేదు.

దొంగంటే ఎమ్మెస్సీ ఆఖరి ఏడు కుర్రాడు. ప్రతి క్లాసులోనూ "సార్, ఒక సందేహం" అంటూ లేస్తాడని తోటివాళ్ళు అతనికి ‘సందేహం’ అనే పేరు ఖాయం చేశారు. హెడ్డు అతన్ని డార్క్ రూమ్‌లోకి తోసి బయట గడియ వేయించాడు. ఒప్పుకుంటున్నానని సంతకం పెడితే టీసీ ఇచ్చి పంపేస్తాం, లేదంటే పోలీసు కేసు అన్నాడు. సంతకం పెడితే చదువు పోతుంది. పెట్టకపోతే చదువూ పోతుంది, పరువూ పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పోలీసుల్ని చూస్తే జడిసి సంతకం పెడతాడని హెడ్డే ఫోన్ చేశాడు. ఇన్‌స్పెక్టర్ వచ్చింది. నడివయసు మనిషి. తన యూనిఫామ్‌ని బూచిలా వాడుకోవాలని ఎవరైనా చూస్తే ఆమెకు ఒళ్ళు మండుతుంది.

"సాక్షి ఎవరు?" అంది.

సాక్షి రీసెర్చ్ స్కాలర్. ఏళ్ళ తరబడి హెడ్డు దగ్గరే పీహెచ్‌డీ చేస్తున్నాడు. పొద్దస్తమానం డార్క్ రూమ్‌లోనే ఉంటాడని పిల్లలంతా చీకటన్న అంటారు. గడ్డం మాసిపోయింది. భుజానికి సంచీ ఉంది. వరండాలో ఎండకు కళ్ళు చికిలించుకుంటూ నిలబడ్డాడు. అతను చెప్పింది ఇది: క్యాంటీన్ నుంచి వచ్చాడు. తలుపు తీశాడు, లోపలికెళ్ళి మూశాడు, నల్లతెర తప్పించాడు. టేబుల్ వెనక సందేహం మోకాళ్ళ మీద కూర్చుని, చొక్కా మడతల్లో దేన్నో చుట్టి సంచిలో కూరుతున్నాడు. "దొంగ" అని అరిచాడు.

"రాగానే చూశారా?"

"రాగానే చూశాను మేడమ్."

సందేహం సంచి అప్పుడే తిరగేశారు. కాలరు చిరిగిన పాత చొక్కా తప్ప ఏమీ లేదు. కిటికీలోంచి ఎవరికో అందించి ఉంటాడని హెడ్డు అనుమానం. ఆ గదికి కిటికీ లేదని ఆయనకు గుర్తుచేసే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

హెడ్డు గడియ తీశాడు. ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో తెర, రెండూ బార్లా లాగేశాడు. ఎండ లోపలికి పడింది.

లోపలున్న కుర్రాడు చటుక్కున కళ్ళు మూసుకున్నాడు. "తెర సార్, తెర" అన్నాడు.

దొంగతనంలో పట్టుబడ్డవాడు ముందు తెర గురించి అడగడం ఇన్‌స్పెక్టర్‌కి వింతగా తోచింది. కుర్రాడి ఒంటి మీద కొత్త చొక్కా ఉంది. గుండీలు ఒక కాజా తప్పి, అంచు ఒకవైపు కిందికి వేలాడుతోంది. అదీ చూసింది.

ఆమె లోపలికి వెళ్ళి తలుపు మూయించింది. తెర తప్పించి ఒక్క అడుగు వేసింది. మోకాలికి ఏదో ఠపీమని తగిలింది. కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనిపించడం లేదు. ఒక మూల మెషిన్ మీద ఆవగింజంత ఎర్ర దీపం, అంతే.

"అది స్టూలు మేడమ్. దాని మీదే కూర్చోండి. మీకు ఎడమవైపుంది" అన్నాడు చీకట్లోంచి.

"లైటు లేదా?"

"ఈ గదిలో బల్బు పెట్టరు మేడమ్. మెషిన్ ఆన్‌లో ఉండి మూత తీసి ఉన్నప్పుడు వెలుతురు తగిలితే ట్యూబు చచ్చిపోతుంది. అందుకే తలుపు మూశాకే తెర తీయాలని రూలు."

ఆమె కూర్చుంది. గాలాడడం లేదు. గోడ అవతల మైకువాడు "హలో హలో" అంటూ గొంతు అరగదీసుకుంటున్నాడు. ఎవరో డాన్సు రిహార్సల్ చేస్తున్నారు. అందరూ స్టేజీ కడుతుంటే ఇక్కడ ఒకడికి సమాధి కడుతున్నారు అనుకుంది.

చొక్కా సంగతి అడిగింది. కుర్రాడు నసిగాడు. ముఖ్య అతిథికి ప్రయోగం చూపించే పని తనకే ఇచ్చారట. టైలరింగ్ షాపులో పనిచేసే అక్క ఇందుకోసమే కొత్త చొక్కా కుట్టి ఇచ్చిందట. చిరిగిన కాలరు నలుగురిలో విప్పడానికి సిగ్గేసి, ఎవరూ ఉండరని ఈ చీకట్లోకొచ్చి మార్చుకున్నాడు. పాతది కింద పడితే, మోకాళ్ళ మీద కూర్చుని మడిచి సంచిలో పెట్టాడు.

"అంటే నీ సీనియర్ చెప్పింది నిజమేనా?"

"పొల్లు పోకుండా నిజం మేడమ్. అందుకే నా మాట ఎవరూ నమ్మట్లేదు." ముక్కు ఎగబీల్చాడు. "టీసీ ఇచ్చేస్తే మా అక్క మొహం ఎలా చూడను? నన్ను చదివించాలని తను చదువు మానేసింది. ఇక్కడ కూర్చుంటే ఊపిరాడట్లేదు మేడమ్."

ఆమె తన యూనిఫామ్ కాలరు దగ్గరి గుండీని వేలితో తిప్పుకుంటూ ఆలోచించింది.

"పై గుండీ ఊడేలా ఉంది మేడమ్" అన్నాడు కుర్రాడు.

ఆమె వేలు ఆగిపోయింది.

"నీకు అది కనిపిస్తోందా?"

"నేను లోపలికొచ్చి చాలాసేపైంది కదా. కళ్ళు అలవాటు పడ్డాయి. కాసేపుంటే మీకూ కనిపిస్తుంది."

ఆమె కూర్చునే ఉంది. మెల్లగా టేబుల్ అంచు తేలింది. తరవాత ఖాళీ పెట్టె. ఆ తరవాత కుర్రాడి కొత్త చొక్కా, దాని వంకర అంచు. అప్పుడు లేచింది. ఈసారి స్టూలు తగల్లేదు.

హెడ్డునీ చీకటన్ననీ లోపలికి పిలిచింది. తలుపు మూయించి, తెర కూడా వేయించింది. హెడ్డు నేరుగా వెళ్ళి స్టూలు మీద పడబోయాడు.

"సార్, ఈ కుర్రాడేం చేస్తున్నాడో చెప్పండి" అంది.

"ఏం కనిపిస్తుందమ్మా, కాటుక చీకటి!"

"కూర్చున్నాడా, నిలబడ్డాడా?"

"నాకేం తెలుసు?"

"మీరు చెప్పండి" అంది చీకటన్న వైపు తిరిగి. "మీరూ ఇప్పుడే ఎండలోంచి వచ్చారు."

చీకటన్న సంచి పట్టీ సర్దుకున్న చప్పుడైంది.

"మధ్యాహ్నం క్యాంటీన్ నుంచి వస్తూనే మోకాళ్ళూ, చొక్కా, మడతలూ అన్నీ చూశానన్నారు. మీరు చూసింది నిజమే. అతను చేసిందీ అదే. అప్పుడే వచ్చానన్నదే అబద్ధం. అతను రాకముందు నుంచీ మీరు ఈ గదిలోనే ఉన్నారు. అతనికి మీరు కనపడలేదు, మీకు అతను కనిపించాడు. తలుపు చప్పుడు చేసి, అప్పుడే వచ్చినట్టు అరిచారు. పాపం, రోజంతా చీకట్లో ఉండేవాళ్ళకి ఇది చీకటని గుర్తుండదు. అతని సంచి వెతికారు. మీది వెతికారా?"

చీకటన్న సంచిలోంచి గుడ్డ మూట తీశాడు. విప్పి టేబుల్ మీద పెట్టాడు. గాజు చిన్నగా టక్కుమంది.

"ఎక్కడికీ పోలేదు మేడమ్. చచ్చిపోయింది. పారేద్దామంటే చెయ్యి రాలేదు. ఇన్నేళ్ళ పని దీంతోనే చేశాను." అతను ఏడుస్తున్నాడు.

"చంపేసి, నేరం కుర్రాడి మీదికి తోస్తావా?" హెడ్డు గర్జించాడు. "నిన్ను ఈ జన్మలో..."

"పొద్దున మూత తీసి సర్దుతున్నాను సార్. మెషిన్ ఆన్‌లో ఉంది. సాయంత్రానికి అంతా రెడీయేనా అని అడగడానికి ఒకరొచ్చారు. తలుపూ తెరా ఒకేసారి లాగేశారు." కళ్ళు తుడుచుకున్నాడు. "అది మీరే సార్."

బయట మైకులో హెడ్డుగారిని వేదిక దగ్గరికి రమ్మని పిలుస్తున్నారు.

"మీతో ఆ మాట అంటే నా పీహెచ్‌డీ గంగలో కలిసినట్టే. అంతలో వీడు చొక్కా మార్చుకుంటూ దొరికాడు. తప్పు చేశానురా తమ్ముడూ."

ఇన్‌స్పెక్టర్ సెల్‌లైటు వేసింది. ఇక చంపడానికి ట్యూబు లేదు కదా. కేసు ఎవరి మీద రాయమంటారని హెడ్డుని అడిగింది. ఆయనకు ఒక్కసారిగా కేసంటేనే గిట్టకుండా పోయింది. టీసీ మాట వెనక్కి తీసుకుంటున్నట్టు, స్కాలర్‌ని ఏమీ చేయనన్నట్టు ఆయన చేతే కాగితం రాయించింది. కుర్రాడి సంతకం కోసం ఆయన తెచ్చిన కలంతోనే ఆయన చేత సంతకం పెట్టించుకుంది.

హెడ్డు వెళ్ళిపోయాడు. వెళుతూ వెళుతూ అలవాటు కొద్దీ బయట గడియ మీద చెయ్యి వేశాడు. ఆమె చూసిన చూపుకి తీసేశాడు. ఆమె కూడా సెల్‌లైటు ఆర్పి వెళ్ళిపోయింది, వెనకాలే తెర పడింది.

సందేహం గుమ్మం దాటబోయి ఆగాడు. చీకటన్న ఇంకా టేబుల్ దగ్గరే కూర్చున్నాడు, చచ్చిన ట్యూబుని గుడ్డతో తుడుస్తూ. సందేహానికి కోపం లేకపోలేదు. అయినా వెనక్కి నడిచాడు.

"అన్నా, ఒక సందేహం. నువ్వు ఎండలో కూర్చుని ఎన్నాళ్ళైంది?"

చీకటన్న ట్యూబుని పక్కన పెట్టాడు. చెయ్యి చాపి, కుర్రాడి చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పి, సరైన కాజాల్లో పెట్టాడు. చీకట్లో అతనికి తడుముకోవలసిన పని లేదు. అది అయ్యాక ఇద్దరూ లేచారు. బయటికి వెళ్ళేటప్పుడు తెరా, తలుపూ రెండూ తీసే ఉంచారు.