రజిని గుప్పిట

“తీసెయ్! ఈ సంగటి నా ముందర నుంచి తీసెయ్!”

నరసమ్మ కంచాన్ని ఎడమచేత్తో నెట్టేసింది. రాగి సంగటి ముద్ద దొర్లి గచ్చు మీద పడింది. పక్కనే నిలబడ్డ రజినికి అది తన గుండెల మీదే పడ్డట్టయింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఈ అత్తకు తన చేత్తోనే వడ్డించింది. ఒక్కనాడు ఉప్పు తక్కువైందని కూడా అనని అత్త! కోపమే అయితే రజిని ఓర్చుకునేది. కానీ ఆ కళ్లలో ఉన్నది భయం... కోడలు పెట్టే కూడంటే భయం!

గోడకు ఆనుకుని కూర్చున్న ఆదెమ్మ ఒళ్లో చిన్న ప్లాస్టిక్ కవరు ఉంది. అందులో ఆకుపచ్చటి పొడి. ఆదెమ్మ నరసమ్మకు స్వయానా చెల్లెలు. అక్కకు ఒంట్లో బాగాలేదని తెలిసి కురిచేడులో రైలెక్కి పరుగున వచ్చిన మనిషి. వచ్చిన పూటే వంటింట్లో డబ్బాలన్నీ మూతలు తీసి చూసిన మనిషి కూడా ఆవిడే! సజ్జల డబ్బా వెనకాల ఈ కవరు దొరికింది.

“చూసినావా వెంకటేసూ? నీ పెళ్లాం మీ అమ్మకు మందు పెట్టింది! మజ్జిగలో కలుపుతా ఉంటే నా కళ్లతో నేను చూసినా. మంచిదే అయితే దాచేదెందుకు? అందుకే అక్క ఒళ్లు పాలిపోయింది. అందుకే తెల్లారేసరికి చేతి ఏళ్లు నల్లబడిపోతున్నాయి!”

వేళ్ల సంగతి నిజమే. ఈ చలికాలం మొదలైన దగ్గర్నుంచి, పొద్దున్నే గొర్రెల దొడ్డి తలుపు తీసి వచ్చేసరికి నరసమ్మ వేళ్లు నేరేడుపండు రంగుకు తిరుగుతున్నాయి. ఎండెక్కితే మళ్లీ మామూలే. నాలుగడుగులు వేస్తే ఆయాసం... మొహంలో రక్తమన్నది లేదు. ఊళ్లో అడిగినవాళ్లకల్లా ఏం చెప్పాలో తెలియక రజిని ఎన్నిసార్లు చాటుగా కళ్లు తుడుచుకుందో!

“అది మునగాకు పొడి చిన్నత్తా! అత్తకు రక్తం తక్కువుందని ఆశా వర్కరు చెప్పింది. మునగాకంటే అత్త ముట్టదు గదా... అందుకే చెప్పకుండా కలిపినా. అంతే! కావాలంటే చూడు!”

రజిని ఆ కవర్లోంచి ఇంత పొడి తీసి అందరి ముందూ నోట్లో వేసుకుంది. గొంతుకు అడ్డం పడి దగ్గు వచ్చినా మింగేసింది.

“పెట్టినోళ్లకు అది పట్టదులేమ్మా!” అంది ఆదెమ్మ చల్లగా. ఆవిడ దగ్గర అన్నిటికీ జవాబుంది!

రజిని దిక్కుతోచక భర్త వైపు చూసింది. వెంకటేష్ చెడ్డవాడు కాదు. కాలు విరిగిన గొర్రెపిల్లను కొండ మీద నుంచి భుజాన మోసుకొచ్చే మనిషి. కానీ ఇవాళ అతని చూపు కవరు మీదికీ, భార్య మొహం మీదికీ మారి మారి తిరుగుతోంది. ఆ చూపుకు రజిని ప్రాణం చచ్చిపోయింది.

“నువ్వు కలిపినావా లేదా, అది చెప్పు.”

“కలిపినా గానీ...”

“మరి నాక్కూడా ఎందుకు చెప్పలే?”

అత్త కోలుకున్నాక నవ్వుతూ చెబుదామనుకుంది, పిచ్చిది!

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. డాక్టరు రాసిన మామూలు పరీక్షల కోసం నరసమ్మ బేస్తవారిపేటలో రక్తం ఇచ్చింది. ఆ గొట్టాల్ని ఐసు పెట్టెలో పెట్టి మార్కాపురం ల్యాబుకు పంపారు. అక్కడ పనిచేసే నాగజ్యోతి అనే అమ్మాయి ఫోను చేస్తోంది. వెంకటేష్ స్పీకరు పెట్టాడు.

“అన్నా, మీ అమ్మగారి రక్తం గొట్టంలో గింజలు గింజలుగా గడ్డ కట్టింది. మిషను లెక్క సరిగా చూపించడం లేదు. చల్లదనం తగిలి అట్ల అయిందేమో. రేపు ఆమెనే ఇక్కడికి తీసుకురాండి. పరగడుపున రావాల, టీ కూడా తాగకూడదు. చేతులు వెచ్చగా ఉంచండి. ఇక్కడే తీసి, వెచ్చగానే ఉంచి చూస్తాం.”

ఫోను పెట్టేసేలోపే ఆదెమ్మ గుండెలు బాదుకుంది.

“విన్నారా! రక్తం గడ్డ కట్టిందంట! మందు రక్తంలోకి దిగిపోయింది! ఇంక పరీక్షలేంది, నా బొంద! యర్రగొండపాలెం అవతల మందు కక్కించే ఆయన ఉన్నాడు. పసరు తాగిస్తే ఉన్నదంతా బయటికొస్తాది. రేపే పోదాం పా అక్కా!”

నరసమ్మ చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. వెంకటేష్ తల ఎత్తకుండానే అన్నాడు.

“రేపు మందు గానీ బయటపడితే... నువ్వు గిద్దలూరు పో. మీ అమ్మ దగ్గరే ఉండు. మళ్లీ రావద్దు.”

ఎంత మాట! ఆ పూట నుంచి పొయ్యి ఆదెమ్మ చేతికి పోయింది. రజిని తన వంటింట్లోనే పరాయిదైంది. నీళ్ల బిందె ముట్టుకోబోయినా ఎవరో ఒకరు చూస్తూనే ఉన్నారు.

మర్నాడు పొద్దున్న యర్రగొండపాలెం పోవడానికి ఆటో వాకిట్లోకి వచ్చింది. మంచు ఇంకా విడలేదు. రజిని వెళ్లి ఆటోకు అడ్డంగా నిలబడింది. జీవితంలో మొదటిసారి ఆమె గొంతు లేచింది.

“పసరు తాగితే పరగడుపు ఎక్కడిది? పరీక్ష పనికిరాకుండా పోతాది! ముందు రక్తం ఇద్దాం. ఆ కవరు కూడా తీసుకురాండి, డాక్టరుకే చూపిద్దాం. ఇది మందే అని ఆయన అంటే, మీరు పొమ్మనే పనిలేదు... మీ కాళ్లకు మొక్కి నేనే గిద్దలూరు బస్సెక్కుతా!”

ఆమె మొహం చూసి వెంకటేష్‌కు ఎక్కడో చురుక్కుమంది. “ముందు మార్కాపురం పోనీయన్నా,” అన్నాడు ఆటో అతనితో.

అత్తా కోడళ్ల మధ్యలో ఆదెమ్మ కూర్చుంది. రజిని రెండు వస్తువులు తెచ్చింది. ఒకటి చనిపోయిన మామ మల్లయ్య కప్పుకునే గొంగళి. మామది కాబట్టి నరసమ్మ కాదనకుండా చుట్టుకుంది. రెండోది చేతులు కాచుకోవడానికి స్టీలు సీసాలో వేడినీళ్లు.

“వద్దు! దానికేం పూసుకొచ్చిందో!” అని నరసమ్మ మొహం తిప్పుకుంది.

రజిని ఆ సీసాను కొంగులో చుట్టి, దారి పొడవునా తన చేతుల్లోనే పట్టుకుని కూర్చుంది. కన్నీళ్లు మాత్రం ఆగలేదు.

ల్యాబులో నాగజ్యోతి ఊదారంగు మూత గొట్టంలోకి రక్తం తీసి, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నిలబెట్టి ల్యాబు డాక్టరు గదిలోకి తెచ్చింది. నలుగురూ వెంట వెళ్లారు. డాక్టరు ముందు కవరు అందుకుని పొడి వాసన చూశాడు, వేలితో నలిపాడు.

“మునగాకు పొడి. మంచిదే. కాకపోతే చెప్పి పెట్టాలమ్మా! చెప్పకుండా పెట్టేది ఏదైనా ఇంట్లో అనుమానమే.”

తర్వాత ఆయన రక్తం గొట్టాన్ని తీసి, బల్ల మీదున్న చల్లటి నీళ్ల సీసాకు ఆనించి కాసేపు ఉంచాడు. వెలుతురుకు పట్టుకుని వంచాడు. గాజు గోడకు ఎర్రటి గింజలు... ఇసుక రవ్వల్లా!

“చూడండి, చూడండి! మందు!” నరసమ్మ కేక పెట్టింది. “నేను చచ్చిపోతా నాయనా!”

వెంకటేష్ మొహం మాడిపోయింది. రజినికి గిద్దలూరు బస్సు కళ్ల ముందు కనపడింది.

“ఉండమ్మా, అప్పుడే ఏడవొద్దు,” అన్నాడు డాక్టరు. “ఏసీలో నా చేతులు చల్లబడ్డాయి. మీలో ఎవరి చెయ్యి వెచ్చగా ఉంది?”

రజిని చెయ్యి చాపింది. “దానికి ఇయ్యొద్దు సారూ!” అని ఆదెమ్మ అడ్డం వచ్చింది. డాక్టరు వినిపించుకోలేదు. గొట్టాన్ని రజిని అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. ఆమె రెండో చెయ్యి కూడా పైన కప్పి, కళ్లు మూసుకుంది. దేవుడా... ఈ రక్తం నాది కాదు, కానీ నా బతుకంతా ఇందులోనే ఉంది! నరసమ్మ ఆ గుప్పిట మీద నుంచి చూపు తిప్పలేదు.

“ఇప్పుడు తెరువమ్మా.”

గొట్టాన్ని డాక్టరు మళ్లీ వంచాడు. ఒక్క గింజ లేదు! రక్తం గాజు మీద నుంచి పల్చగా, నున్నగా జారిపోయింది.

“చలి తగిలితే ఈమె రక్తకణాలు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. వెచ్చబడితే విడిపోతున్నాయి. వేళ్లు నల్లబడేదీ అందుకే. ఇది ఒంట్లో పుట్టిన జబ్బు, ఎవరో పెట్టింది కాదు. మునగాకుతోనూ పోదు. ఎందుకొచ్చిందో ఇంకా పరీక్షలు చేసి చూద్దాం. ఇవాళ్టి నుంచి చల్లనీళ్లు ముట్టనీయొద్దు.”

ఆదెమ్మ బల్ల మీది పొడి కవరును రజిని వైపు జరిపింది.

బయట బెంచీ మీద కూర్చున్నాక వెంకటేష్ టిఫిన్ బండి దగ్గర వేడి ఇడ్లీ కట్టించి తెచ్చాడు. ఆదెమ్మ పొట్లం విప్పి అక్క ముందు పెట్టింది. నరసమ్మ దాన్ని ముట్టుకోలేదు. గొంగళిలోంచి నల్లబడ్డ చేతులు రెండూ బయటికి తీసి రజిని ముందు చాపింది.

“నా రక్తాన్ని పట్టుకున్నావే... ఈ చేతులు గూడా పట్టుకోమ్మా. చల్లగా చచ్చిపోతున్నాయి.”

“అత్తా!” రజిని ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని భోరుమంది. నరసమ్మా ఏడ్చింది. నిన్న నేల పాలైన సంగటి ముద్ద గుర్తొచ్చిందేమో, ఆమె ఏడుపు చాలాసేపు ఆగలేదు.

“రజినీ... తప్పయిపోయింది,” అన్నాడు వెంకటేష్.

రజిని అతని వైపు తిరగలేదు. “నీ మాట ఇంకా నా చెవుల్లోనే ఉందయ్యా. దాని సంగతి ఇంటికి పోయినాక చూద్దాం. పరగడుపున ఉంది, ముందు అత్తను తిననీ.”

“ఏళ్లు వంగడంలేదు, నువ్వే పెట్టు,” అంది నరసమ్మ. “ఆ పొడి గూడా ఇంత చల్లు. చేదైతే అయింది.”

రజిని ఇడ్లీ మీద మునగాకు పొడి చల్లి, తుంచి, “పొడి చల్లినానత్తా,” అని చెప్పి మరీ నోటి దగ్గర పెట్టింది.

నరసమ్మ ఆ ముద్ద వైపు చూడలేదు. కళ్లు మూసుకుని నోరు తెరిచింది.