సువార్తమ్మను తెచ్చిన వీడియో

తనకల్లులో ఎవరినడిగినా ఒకే మాట చెబుతారు. గల్ఫులో బాంబుల మోతల మధ్య చిక్కుకున్న సువార్తమ్మను ఇంటికి తెచ్చింది శశికుమార్ పెట్టిన వీడియో. ఆ కృతజ్ఞతతోనే ఆమె కూతురు రెబెకా అతన్ని పెళ్ళి చేసుకుంది. బస్టాండులో టీ తాగేవారు ఈ రెండు సంగతులనూ ఒకే గుక్కలో చెబుతారు, మొదటిది నిజమైతే రెండోది దానంతటదే నిజమవుతుందన్నట్టు.

ఏ మాటనైనా నమ్మేముందు ఏది ముందు జరిగింది, ఏది తరువాత జరిగింది అని చూసుకోవడం మంచి అలవాటు.

శశికుమార్‌కు బస్టాండు వెనుక డ్రిప్ పైపుల దుకాణం ఉంది. బోర్లు ఎండిపోయిన ఆ వేసవిలో బేరాలు తక్కువ, తీరిక ఎక్కువ. ఆ తీరికలో అతను ప్రపంచాన్ని కాపాడేవాడు. ఎక్కడో అడవి తగలబడితే అతని పేజీలో పచ్చని ఆకు వెలిసేది. ఎక్కడో వరద వస్తే కొవ్వొత్తి వెలిగేది. గల్ఫులో యుద్ధం మొదలై విమానాలు ఆగిపోయిన వారం తెల్ల పావురం వచ్చి వాలింది.

ఆ వారమే అతను తల్లి రామాంజినమ్మకు మోకాళ్ళ నొప్పి మాత్రల కోసం మందుల షాపుకు వెళ్ళాడు. కౌంటర్ వెనుక రెబెకా ఉంది. మాత్రలు అడుగుతూనే అతను ఫోన్ పైకెత్తి ఆమె వైపు తిప్పాడు.

"మేడమ్, ఒక్క నిమిషం. యుద్ధం గురించి సామాన్య ప్రజలు ఏమనుకుంటున్నారో చెప్పండి."

"చీటీ ఉండాదా?"

"ఏం చీటీ?"

"డాక్టర్ రాసిచ్చిన చీటీ. మోకాళ్ళకైతే ఊరికే ఇస్తా. యుద్ధానికి మందు కావల్లంటే చీటీ తేవల్ల."

"ఇంత సీరియస్ విషయాన్ని జోక్ చేస్తాండారు మీరు."

"నేనా? పావురం బొమ్మ పెట్టి బాంబులు ఆపుతానంటాండేది ఎవురప్పా?"

అతని పేజీని ఆమె చూసిందన్న సంగతి శశికుమార్‌కు ముందు సంతోషాన్ని, ఆ తరువాత సిగ్గును కలిగించింది. ఏదో బదులు చెప్పబోయాడు. అంతలో ఆమె ఫోన్ మోగింది. రెబెకా ముఖంలోని వెటకారం ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోయింది. గోడవైపు తిరిగి, ఫోన్‌ను చెవికి ఆనించింది. చిన్న షాపు, పెద్ద గొంతు. అతనికీ వినిపించింది.

"పాపా, నేను బాగుండా. పొద్దన్నించి పైన ఒగటే సప్పుడు. మా మేడమ్ పిల్లోళ్ళను తీస్కోని కింద రూములోకి పోయినాది. నన్ను పైననే ఉండమనింది. నువ్వు తిన్యావా?"

సువార్తమ్మ ఒక ఇంట్లో వంటమనిషి. ప్రతి సాయంత్రమూ ఇలా ఒక మాట రికార్డు చేసి పంపుతుంది. అది వచ్చేదాకా కూతురు అన్నం ముట్టదు.

"మీ అమ్మనా?" అన్నాడు శశికుమార్. ఈసారి ఫోన్ జేబులో ఉంది.

"ఊఁ."

"దీన్ని ప్రపంచానికి వినిపించల్ల. మీ అమ్మ ఫోటో, ఈ గొంతు. లక్షల మంది చూస్తారు. పెద్దోళ్ళ కంట పడతాది. పడితే కదులుతారు."

 విమానాలు ఆగి రెబెకాకు అన్ని దారులూ మూసుకుపోయాయి. ఈ దారి ఒక్కటే వెలుతురుగా కనిపించింది. సరే అంది.

వీడియో నిజంగానే లక్షల మందికి చేరింది. మేడమ్ ఇంటి వాకిలి ముందు, ఆమె బిడ్డను చంకనేసుకుని నవ్వుతున్న సువార్తమ్మ ఫోటో. దాని వెనుక ఆ గొంతు. కన్నీళ్ళ బొమ్మలు, చేతులు జోడించిన బొమ్మలు, శాపనార్థాలు వరుసకట్టాయి. చేయదగిన పని చేసేశామన్న తృప్తి ఇద్దరికీ కలిగింది. ఆ తృప్తిలో రోజూ సాయంత్రం శశికుమార్ మందుల షాపు ముందు నిలబడేవాడు. రోజుకొక మాత్ర అడిగేవాడు.

"మీ అమ్మకు ఇంగా ఎన్ని మోకాళ్ళు ఉండాయప్పా?" అంది రెబెకా ఒకనాడు. అతను నవ్వాడు. ఆమె నవ్వకుండా ఉండడానికి కష్టపడింది.

ఆ మరునాడు ఆమే డ్రిప్ పైపుల దుకాణానికి వచ్చింది. చెప్పులు లేవు. వచ్చిన దారి దుమ్మంతా ఆమె పాదాల మీద ఉంది. ఫోన్ ముందుకు చాచి, తల్లి పంపిన మాట వినిపించింది.

"పాపా, ఏమి పెట్టినారు మీరు ఫోన్లో? ఎవురెవురో మేడమ్‌ను తిడతాండారంట. ఆయమ్మ ఏడుస్తాంది, నామింద అరుస్తాంది. ఫోన్ ఇచ్చేయమంటాంది..."

గొంతు అక్కడితో ఆగింది. ఆ తరువాత ఏదీ రాలేదు.

ఫోటోలోని వాకిలిని బట్టి ఎవరో ఆ ఇంటిని పసిగట్టారు. ఇక్కడ సానుభూతి చూపిన చేతులే అక్కడ ఒక ఇల్లాలిని తిట్టిపోశాయి. ఆమె భయపడింది, భయపడిన మనిషి అందిన ఫోన్‌ను లాక్కుంది.

"తీసెయ్ శశీ," అంది రెబెకా. అతన్ని పేరుతో పిలవడం అదే మొదలు.

"తీసేస్తే ఒత్తిడి పోతాది కదా. నిన్ననే ఒక టీవీ వాళ్ళు మెసేజ్ పెట్టినారు. ఇంగ రెండు రోజులు ఆగితే..."

"అంత మంది సూసినారే, ఒగరన్నా నాకు ఫోన్ జేసినారా? నీకు జేసినారా? మా అమ్మ యాడుండాదని ఎవురన్నా అడిగినారా?"

శశికుమార్ వెతికాడు. వ్యాఖ్యలన్నీ కిందికి జరిపి జరిపి చూశాడు. బాధ ఉంది, కోపం ఉంది, జెండాలు ఉన్నాయి. ఆమె ఏ వీధిలో ఉందని అడిగినవారు లేరు. అడగాలని అతనికీ తోచలేదు. లక్షల మంది చూస్తే పెద్దోళ్ళు కదులుతారన్న తన మాట నిజమని అతను అంతవరకు నమ్మాడు. నమ్మకాన్ని పరీక్షకు పెట్టడం అతనికి అదే మొదటిసారి. ఫలితం అతని వైపు రాలేదు.

"ఇది తీసేస్తే నా పేజీని ఎవురూ చూడరు," అన్నాడు చిన్నగా.

"నేను సూస్తా."

అతను తీసేశాడు.

మర్నాడు ఆదివారం. రెబెకా అతన్ని తమ చర్చికి తీసుకువెళ్ళింది. అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. ఆరాధన ముగిసేముందు, గల్ఫులో పనికి పోయిన ఆడవాళ్ళ ఇళ్ళవారు ఒక్కొక్కరే లేస్తారు. తమ మనిషి పేరు, ఆమె ఉండే పట్టణం, వీధి, ఇంటి దగ్గరి గుర్తు గట్టిగా చెబుతారు. అందరూ కలిసి ఆ పేరు మీద ప్రార్థిస్తారు.

"దేవునికి వీధి గుర్తు ఏల?" అని శశికుమార్ ఆమె చెవి దగ్గర గుసగుసలాడాడు.

"దేవునికి తెలుసులేప్పా. మాకు తెలియాల గదా."

వీడియో పెట్టినప్పటి నుంచి రెబెకా అక్కడ లేచి నిలబడలేదు. లక్షల మంది వింటుంటే ఈ నాలుగు వరుసల మనుషులకు చెప్పడం ఎందుకనుకుంది. ఆ రోజు లేచింది. తల్లి పేరు చెప్పింది. పట్టణం చెప్పింది. నీలం గుమ్మటం మసీదు వెనుక వీధి, మూలన రొట్టెల అంగడి, దాని పక్క ఇల్లు అని చెప్పింది.

వెనుక వరుసలో ఒక ముసలామె ఉన్నచోటి నుంచే అరిచింది. "రొట్టెల అంగడా? మా జోయల్ ఆ వీధిలోనే నీళ్ళ డబ్బాలు ఏస్తాడు కదమ్మా! ఈమధ్యనే ఆ లైనుకు మార్చినారు వాన్ని. ఇన్నాళ్ళూ యాల చెప్పలేదు నువ్వు?"

ప్రార్థన ఆ ఇంటి తలుపు తెరిచిందా అన్నది ఎవరి నమ్మకం వారిది. ఆ తలుపు ఎక్కడుందో జోయల్‌కు తెలిసింది మాత్రం ఈ ఆనవాయితీ వల్లే.

ముసలామె మనవడు జోయల్‌కు అరబ్బీ వచ్చు. రెబెకా ఆ మేడమ్‌కు చెప్పవలసిన మాటలను తెలుగులో పలికి అతనికి పంపింది. వీడియో తీసేశామని, తిట్టినవారు తమవారు కారని, మన్నించమని, తన తల్లికి ఫోన్ తిరిగి ఇమ్మని. శశికుమార్ కూడా తన తప్పు తానే చెబుతానన్నాడు. చెప్పాడు. అతని జీవితంలో చూపరులు లేని మొదటి రికార్డింగు అది.

జోయల్ జవాబు కోసం ఎదురుచూసిన సాయంత్రం మందుల షాపు రేకుల మీద నాలుగు చినుకులు పడ్డాయి. రోడ్డు తడవలేదు, దుమ్ము మీద మచ్చలు మాత్రం తేలాయి. వాటినే చూస్తూ ఇద్దరూ మెట్టు మీద కూర్చున్నారు.

"ఇది వానేనా?" అన్నాడు శశికుమార్.

"నీ పేజీ మాదిరి వాన. సప్పుడే గానీ నేల తడవలేదు."

అతను నొచ్చుకోలేదు. తల ఊపాడు. అప్పుడు ఫోన్ మోగింది.

"పాపా, నేనే. నీళ్ళ అబ్బి వచ్చి మాట్లాడినాడు. మేడమ్ ఫోన్ ఇచ్చినాది. ఈ పొద్దు కింద రూములోకి నన్ను కూడా రమ్మనింది. నువ్వు తిన్యావా?"

రెబెకా ఏడుస్తూనే "తింటాలేమ్మా, ఇప్పుడే తింటా" అని బదులు పంపింది. చాలాసేపు కళ్ళు తుడుచుకుంది. ఇద్దరి మధ్యా చినుకుల వాసన మిగిలింది.

"విమానాలు ఎప్పుడు తిరుగుతాయో తెలీదు," అన్నాడు అతను.

"తెలీదు."

"అంతదంకా రోజూ ఈడికొచ్చి కూర్చోవచ్చునా? మాత్రలు అడగను."

"అమ్మ వచ్చినంక?"

"ఆమెను అడుగుతా. నిన్ను నాకు ఇస్తారా అని."

"ఆమెను అడిగేకి ముందు నన్నడగల్ల."

"అడుగుతాండా."

రెబెకా దుమ్ము మీది మచ్చలు ఆరిపోవడం చూసింది. "లక్షల మంది పొగుడుతాంటే నా ఒక్క మాటకు తీసేసినావు చూడు, ఆ పొద్దే సరే అనుకున్యా. నువ్వు అడిగేకే ఇంత లేటు."

విమానాలు చాలా రోజుల తరువాత కదిలాయి. మేడమ్ టికెట్ తీసి పంపింది. సువార్తమ్మ బెంగళూరులో దిగి, బస్సులో తనకల్లు చేరేసరికి బస్టాండులో ఫ్లెక్సీ కట్టి ఉంది. దాని మీద శశికుమార్ నవ్వుతున్నాడు. కింద 'వీడియోతో ప్రాణం పోసిన యువకుడు' అని రాసి ఉంది. ఆమెను కాపాడింది తాను కాదని, జోయల్ అని, ఆ ముసలామె అని అతను ఎందరికో చెప్పాడు. వినయవంతుడని ఇంకాస్త మెచ్చుకున్నారు. రామాంజినమ్మ ఒక్కతే ఫ్లెక్సీ కింద నిలబడి, "ఇన్ని మాత్రలు మింగింది నేను. నా ఫోటో యాడప్పా?" అని కోడలు కాబోయే పిల్ల చెయ్యి పట్టుకుంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర సువార్తమ్మ అడిగింది. "అందరూ చెబుతాండారే ఆ వీడియో, నాకూ ఒగసారి చూపించు నాయనా."

"లేదత్తా."

అది లేకపోయి చాలా రోజులైంది. సువార్తమ్మ ఫోన్ తిరిగి ఆమె చేతికి వచ్చింది అతను ఆ వీడియోను తీసేసిన తరువాతే. రెబెకా అతనికి మాట ఇచ్చిన సాయంత్రానికి విమానాలు ఇంకా ఎగరలేదు, ఆమె తల్లి ఇంకా ఆ ఇంటి కింది గదిలోనే ఉంది.